సమస్య: చచ్చి లేచెను ముమ్మారు సంజవేళ

నిర్వాహకుడు: నిన్న పర్లాకిమిడిలో మహేంద్రతనయ గట్టున నడుస్తుంటే ఈ పాదం నోట పడింది. దీన్నే చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి. దయ్యాల్ని, యోగుల్ని మాత్రం తేకండి, పోయినసారి వాళ్లే నిండిపోయారు.

గుణుపురం మాస్టారు:
వీరుడభిమన్యు వేషము వేసి కొడుకు
సాధకము చేసె మాయింట చాలసేపు
బాణములు తాకి పడిపోయి బామ్మ యెదుట
చచ్చి లేచెను ముమ్మారు సంజవేళ

బరంపురం అక్కయ్య: ‘బామ్మ యెదుట’ దగ్గర ఆగిపోయాను మాస్టారూ. మనవడు అలా కూలిపోతుంటే ఆవిడ గుండె ఎలా కొట్టుకుందో!

రాయగడ వాసి:
పదియు నైదేండ్ల మావాడు నక్కి నక్కి
తలుపు మూసుక మీటలు తట్టుచుండ
గొయ్యి దాటక మీసాల కోడెగాడు
చచ్చి లేచెను ముమ్మారు సంజవేళ
(సూపర్ మారియో, 1985 నాటి వీడియో గేమ్.)

గుణుపురం మాస్టారు: కోడెగాడు బాగున్నాడు. మొదటి పాదంలో యతి ఏదండీ? పాదం మొదటి అక్షరం ‘ప’కు ‘నక్కి’లోని ‘న’ ఎలా జత పడుతుంది? పైగా ఆ ఆటలో మొదట ఇచ్చేవి మూడే ప్రాణాలని మా మనవడు చెప్పాడు. మూడోసారి చచ్చాక లేవడం ఎక్కడిది?

రాయగడ వాసి: ఉగాదికి రాసిన కంద పద్యంలో ళకు ల ప్రాస వేశానని నాలుగు రోజులు వదల్లేదు మీరు, పాత కవులు వేసిందే అయినా! ప్రాణాల సంగతంటారా, నూరు నాణేలు ఏరితే ఒకటి కలుస్తుంది. ఆకుపచ్చ పుట్టగొడుగు తిన్నా అంతే. మొదటి అంచెలో మొదటి గొయ్యికి కాస్త ముందు, ఏమీ కనపడని చోట ఎగిరితే తలకు దిమ్మె తగిలి ఆ పుట్టగొడుగు బయటికొస్తుంది.

బరంపురం అక్కయ్య: తమ్ముడూ, ఇది పక్కన కూర్చుని చూసినవాళ్లు చెప్పే మాట కాదు. అయినా పదిహేనేళ్ల పిల్లాడు నక్కి నక్కి ఎందుకాడతాడు? ఆ పాదం ‘న’ అడుగుతోంది. ‘నలుబదైదేండ్ల’ అని చదువుకో, ఎంత హాయిగా కూర్చుంటుందో.

రాయగడ వాసి: ముందు అలాగే రాశాను అక్కయ్యా. పెట్టబోతూ సిగ్గేసి మార్చాను. చిన్నప్పుడు నాన్న బరంపురంలో కొన్న క్యాసెట్ల గేమ్ అటక మీద దొరికింది. ఆఫీసు నుంచి రాగానే క్యాసెట్ మూతిలో ఊది, టీవీ సౌండు తగ్గించి, ఓ అరగంట. మెట్ల మీద అడుగుల చప్పుడైతే టీవీ ఆపి ఫైలు తెరుస్తాను. మా వీధి అరుగు మీద అరవయ్యేళ్లవాళ్లు పేకాడితే ఎవరూ ఏమీ అనరు. నాకే ఈ సిగ్గు పోవడం లేదు.

గుణుపురం మాస్టారు: అలాగే పెట్టి ఉంటే నేను నోరెత్తేవాణ్ణి కాదు. నా అభిమన్యుడి కంటే మీది మంచి పూరణ, మనసారా చెబుతున్నాను. ‘సంజవేళ’కు నా పద్యంలో పని లేదు, మీ పద్యంలో ఉంది. ఒక్క కోరిక. ‘నక్కి నక్కి’ తీసి ‘నవ్వుకొనుచు’ వేయండి, గణమూ యతీ రెండూ నిలుస్తాయి. నేను బస్సులో గణాలు లెక్కపెడుతూ వేళ్లు మడుస్తుంటే పక్క సీటువాళ్లు చూస్తారు. చూడనీ.

రాయగడ వాసి: సవరించాను మాస్టారూ.
నలుబదైదేండ్ల వయసున నవ్వుకొనుచు
‘తలుపు మూసుక’ మాత్రం ఇవాళ్టికి ఉంచుతున్నాను. మా అమ్మాయికి ఇంకా చెప్పలేదు.