ఉయ్యాలవాడ నాటకానికి కంపెనీ సిపాయి ఎర్ర కోటు: కొత్తగా కుట్టేవాళ్లకి కుదురుతుందా?

కొత్తసూది
నమస్కారమండీ. కాలేజీలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి నాటకం వేస్తున్నాం. కంపెనీ సిపాయి కోటు ఒకటి నేను కుట్టాలి. ఛాతీ 38. మిషన్ మీద లంగాలు, దిండు గలీబులు, రెండు చొక్కాలు కుట్టడం వచ్చు, కోటు ఎప్పుడూ కుట్టలేదు. ఏ గుడ్డ, ఎంత తీసుకోవాలి? ముందు వరసగా ఉండే తెల్ల పట్టీలు ఎలా వేస్తారు? ఖాకీ చొక్కాతో సరిపెట్టేయమని కొందరు అంటున్నారు.

నాటకం బట్టలు
ఖాకీ వద్దండి. తిరుగుబాటు 1846లో మొదలైంది, రెడ్డిగారిని కోయిలకుంట్లలో ఉరితీసింది 1847 ఫిబ్రవరి 22న. ఖాకీ అప్పుడప్పుడే పెషావర్ వైపు గైడ్స్ అనే బ్రిటిష్ దళంతో మొదలవుతోంది. ఇక్కడి కంపెనీ పటాలాలవి ఎర్ర కోట్లే. 1922-24 నాటి అల్లూరి నాటకమైతే ఖాకీ సరిగ్గా సరిపోయేది.

కోటు ముందుభాగం నడుము దగ్గరే ఆగుతుంది, వెనక మాత్రం పొట్టి తోకలుంటాయి. నిలువు కాలరు, ముంజేతి పట్టీలు పటాలాన్ని బట్టి వేరే రంగులో ఉండేవి. మీరు పసుపు పెట్టుకోవచ్చు.

గుడ్డ ఎర్ర కాటన్ డ్రిల్ (మందంగా నేసిన గుడ్డ) తీసుకోండి. 58 అంగుళాల పన్నా అయితే 2 మీటర్లు, 44 అయితే 2.75 మీటర్లు. పసుపు గుడ్డ అర మీటరు. శాటిన్ జోలికి పోవద్దు. లైట్ల కింద మెరిసి పెళ్లి బ్యాండు కోటులా కనిపిస్తుంది, పైగా విప్పి కుట్టిన ప్రతిచోటా సూది రంధ్రాలు మిగులుతాయి.

కత్తెర పెట్టేముందు ఎర్ర గుడ్డని ఉప్పునీళ్లలో కాదు, మామూలు నీళ్లలోనే రంగు దిగడం ఆగేదాకా రెండు మూడుసార్లు తడిపి ఆరేయండి. పట్టీలకి వాడే తెల్ల టేపుని కూడా విడిగా తడిపి ఇస్త్రీ చేయాలి. ఈ పని మానేస్తే మొదటి చెమటకే టేపు గులాబీ రంగుకి తిరుగుతుంది, మొదటి ఉతుకుకి టేపు కుంచించుకుపోయి ముందుభాగమంతా ముడతలు పడుతుంది.

కచ్చాకుట్టు
కొలతల సంగతి నేను చెప్తాను. సరిగ్గా పట్టే ఫుల్‌హ్యాండ్ చొక్కా ఒకటి తీసుకుని బ్రౌన్ పేపరు మీద గీయండి. 38 ఛాతీకి కోటు చుట్టుకొలత 42 రావాలి. ముందు రెండు ముక్కలకీ మధ్య గీత దాటి ముప్పావు అంగుళం అదనం వదలండి, బటన్ల పట్టీ అక్కడే ఒకదాని మీద ఒకటి పడుతుంది.

చొక్కా చంక మాత్రం ఉన్నదున్నట్టు దింపుకోకండి. చొక్కాకి చంక కిందికి ఉంటుంది. నడుము దగ్గర ఆగే కోటుకి అలాగే ఉంచితే, సిపాయి తుపాకీ ఎత్తగానే కోటు మొత్తం పైకి లేచి లోపలి బనియన్ బయటపడుతుంది. చంకని అర అంగుళం పైకి జరపండి. చంక బిగిస్తే చెయ్యి ఆడదేమో అనిపిస్తుంది గానీ నిజానికి అప్పుడే బాగా ఆడుతుంది. ముందు పాత దుప్పటితో ఒకటి కచ్చాగా కుట్టి, వేసే అబ్బాయికి తొడిగి చేతులెత్తించి చూడండి.

చెయ్యి పైవంపు చంక చుట్టుకొలత కన్నా అంగుళం మించి ఎక్కువ ఉండకూడదు. డ్రిల్ గుడ్డ మెత్తటి కాటన్‌లా లోపలికి సర్దుకోదు, భుజం మీద కుచ్చులు తేలతాయి.

నాటకం బట్టలు
ఇక పట్టీలు. మొత్తం పనిలో ఓపిక కావలసింది ఇక్కడే, కోటుకి అందం తెచ్చేదీ ఇవే.

అర అంగుళం వెడల్పు కాటన్ టేపు 7 మీటర్లు కొనండి. బటన్లు 8 పెట్టుకుంటే మధ్య దూరం 2 అంగుళాలు, మొదటి దాని నుంచి చివరి దానికి 14 అంగుళాలు. ఒక్కో బటన్‌కి అటూ ఇటూ ఒక్కో పట్టీ, మొత్తం 16. ఒక్కోదానికి 10 అంగుళాల టేపు: అంచు నుంచి నాలుగున్నర అంగుళాలు వెళ్లి, కొసన మొనగా మడిచి, మళ్లీ అంచుకే తిరిగి రావాలి. 16 పట్టీలకి 160 అంగుళాలు, అంటే సుమారు 4 మీటర్లు. మిగతాది కాలరు, ముంజేతులు, భుజాలకి.

భుజాలు కలపకముందే, ముక్క బల్ల మీద చదునుగా ఉన్నప్పుడే పట్టీలు కుట్టేయాలి. టేపు కొసలు ముందు అంచు కుట్టులోకి పోయేలా ఉంచి, ఆ తర్వాత లోపలి పట్టీ కుడితే పోగులేవీ బయటికి రావు. కోటు పూర్తయ్యాక వేద్దామనుకుంటే కొసలు దాచే చోటే ఉండదు.

గీతలు రెండు ముక్కల మీదా విడివిడిగా గీయకండి. రెండింటినీ మంచివైపులు కలిపి పెట్టి, గుండుసూది గుచ్చి ఒకేసారి గుర్తులు పెట్టండి. పావు అంగుళం తేడా వచ్చినా బటన్లు పెట్టగానే చివరి వరసలోకి కూడా తెలిసిపోతుంది.

కొత్తసూది
చాలా థ్యాంక్సండీ. రెండు అనుమానాలు. కాజాలు చేయడం నాకు రాదు. కాలరు నిలబడాలంటే ఏం పెట్టాలి?

కచ్చాకుట్టు
కాజాలు వద్దు. వెనక కాడ ఉన్న ఇత్తడి రంగు బటన్లు పైన అలంకారానికి కుట్టి, లోపల టిచ్ బటన్లు పెట్టండి, మెడ దగ్గర ఒక హుక్కు. వెల్క్రో పెడితే ఊడేటప్పుడు చప్పుడు మైకులో వినిపిస్తుంది. ముంజేతులకి, తోకలకి కూడా కలిపి 16 బటన్లు కొనండి.

కాలరు ఎత్తు 2 అంగుళాలు చాలు, అంతకు మించితే డైలాగు చెప్పేటప్పుడు గడ్డానికి తగులుతుంది. కాలరు పొడవు మెడ కుట్టు గీత మీద కొలవాలి, గుడ్డ అంచు మీద కాదు. నిలబడటానికి లోపల బక్రం (బిరుసు గుడ్డ) పెట్టాలి, ఆ ముక్కని కుట్టు మార్జిన్ లేకుండా కత్తిరించి అతికించండి. మార్జిన్‌తో సహా పెడితే అంచు మందమెక్కి 14 నంబరు సూది విరుగుతుంది. ఎలాగూ డ్రిల్‌కి 16 నంబరు సూది వేసుకోవడమే మంచిది.

ఎండల్లో లైట్ల కింద ఆడాలి కాబట్టి లైనింగ్ అక్కర్లేదు. లోపలి అంచులకి క్రాస్ పీస్ (ఏటవాలుగా కత్తిరించిన గుడ్డ పట్టీ) వేస్తే చాలు.

నాటకం బట్టలు
తోకల్ని నడుము దగ్గర విడిగా జతచేసుకోండి, 10 అంగుళాల పొడవు, రెండు ముక్కలు. ఛాతీ మీద అడ్డంగా పడే తెల్ల బెల్టులకి తోలు అవసరం లేదు. మంచాలకు అల్లే తెల్ల నవారు 2 అంగుళాల వెడల్పుది తీసుకుని, భుజం మీంచి ఎదుటి తుంటి దాకా చుట్టి కొలిచి రెండు కత్తిరించండి. అవి ఒకదాన్నొకటి దాటేచోట నాలుగు కుట్లు వేస్తే ఆటలో జారవు. ఇస్త్రీ మాత్రం బటన్లు కుట్టకముందే, పైన తడిగుడ్డ వేసి, లోపలివైపు నుంచి చేయండి.