బ్రెగ్జిట్: చేతిలో లేని అధికారంతో బయటికెలా వచ్చారు?

తెనాలి_పాలిటీ:
గ్రూప్స్‌కి చదువుతున్నా, ఒకచోట ఆగిపోయాను. బ్రిటన్ సార్వభౌమాధికారం బ్రస్సెల్స్‌కి, అంటే యూరోపియన్ యూనియన్ (ఈయూ) చేతికి పోయింది, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికే బయటికొచ్చారు అంటారు. నిజంగా పోయుంటే ఓటు పెట్టుకుని మరీ ఎలా రాగలిగారు? అక్కడుంటున్న వాళ్లెవరైనా చెప్పండి.

రెడింగ్_రావు:
తమ్ముడూ, 2016 జూన్ 23న నేనూ ఓటేశాను, అదీ ఇండియన్ పాస్‌పోర్టుతో. కామన్వెల్త్ దేశాల వాళ్లం ఇక్కడ నివాసముంటే చాలు, ఓటుండేది. మా టీమ్‌లో ఫ్రెంచాయన నాకంటే ముందొచ్చి పన్ను కడుతున్నాడు, ఆయనకి లేదు. ఇక్కడ పెన్సిల్‌తో ఇంటూ పెట్టాలి. నేను లీవ్ (ఈయూ నుంచి బయటికొద్దాం) దగ్గర పెట్టాను, ఇప్పుడడిగినా అక్కడే పెడతాను. యూరప్ వాళ్లు అప్పట్లో వీసా లేకుండా దిగిపోయేవారు, మా అమ్మ నెల్రోజులుండి పోవాలంటే బ్యాంకు కాగితాలన్నీ చూపించాలి. నా కోపం అదీ. సార్వభౌమాధికారం మాట అప్పుడు నాకు తట్టనేలేదు.

నీ అనుమానం సరైందే. యూరప్ చట్టం ఇక్కడ చెల్లింది 1972లో పార్లమెంటు చేసిన చట్టం వల్ల. దాన్ని రద్దు చేసే హక్కు ఎప్పుడూ లండన్‌దే. కాకపోతే లోపల ఉన్నన్నాళ్లూ యూరప్ చట్టానికి ఎదురెళ్తే లండన్ మాట చెల్లదు. స్పెయిన్ పడవలు బ్రిటిష్ జెండా కట్టుకుని చేపల కోటా పట్టుకుపోతున్నాయని 1988లో చట్టం చేశారు. ఆ పడవల వాళ్లు కేసు వేశారు, ఫ్యాక్టర్‌టేమ్ అంటారు. 1990లో ఇక్కడి అప్పటి పెద్ద కోర్టు, అంటే లార్డ్స్ సభ జడ్జీలే ఆ చట్టాన్ని ఆపేశారు. లీవ్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకునే కేసు అది. తమాషా ఏంటంటే, సభ్యత్వం ఉన్నన్నాళ్లూ పార్లమెంటు సార్వభౌమంగానే ఉందని, అలా అనిపించలేదంతేనని 2017 శ్వేతపత్రంలో ప్రభుత్వమే రాసుకుంది!

బెల్‌ఫాస్ట్_సిస్టర్:
రావు గారూ, మీరు ఇంటూ పెట్టి హాయిగా ఉన్నారు. యూకేలో భాగమైన మా ఉత్తర ఐర్లాండ్‌లో 55.8 శాతం ఈయూలోనే ఉండిపోదామన్నాం. ఈయూలోనే ఉన్న ఐర్లాండ్ దేశంతో మా సరిహద్దులో చెక్‌పోస్టులు రాకూడదని సరుకులకి మాత్రం మాకు ఈయూ రూల్సే ఉంచారు. ఇంగ్లండ్ నుంచొచ్చే పాల డబ్బా మీద 'నాట్ ఫర్ ఈయూ' అని అచ్చేసి ఉంటుంది. ఇదివరకు యూరప్ పార్లమెంటులో మాకు ముగ్గురు సభ్యులైనా ఉండేవారు. ఇప్పుడు రూలుంది, అడగడానికి మనిషి లేడు. తెచ్చుకున్న అధికారం ఎవరికొచ్చినట్టండీ?

రెడింగ్_రావు:
మీకు అన్యాయమే జరిగిందమ్మా, కాదనను. యూకే, ఈయూ చేసుకున్న 2023 విండ్సర్ ఒప్పందంలో ఒక బ్రేకు పెట్టారు కదా, మీ అసెంబ్లీలో రెండు పార్టీలకి తగ్గకుండా 30 మంది సంతకం పెడితే కొత్త రూలుకి అభ్యంతరం చెప్పొచ్చు. అది చాలదంటే మాత్రం ఒప్పుకుంటా.

తెనాలి_పాలిటీ:
థాంక్సండీ ఇద్దరికీ. మరి స్కాట్లాండ్‌లో 62 శాతం ఉండిపోదామన్నారు కదా, వాళ్లు యూకేలోంచి బయటికొస్తామంటే?

రెడింగ్_రావు:
ఈయూకి బయటికెళ్లే దారి చెప్పే 50వ అధికరణం ఉంది, నోటీసిస్తే రెండేళ్లు గడువు. యూకేకి అలాంటిదేం లేదు. లండన్ ఒప్పుకోకుండా ఎడిన్‌బరోలోని స్కాట్లాండ్ పార్లమెంటు స్వాతంత్ర్యం మీద రెఫరెండం పెట్టుకోలేదని 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చేసింది.