పూలమడి అంచుకి ఇటుకలా, బండ ముక్కలా?

ప్రశ్న: ఇంటి ముందు పూలమడి చుట్టూ అంచు కట్టాలండి, వానొస్తే మట్టంతా వాకిట్లోకి కొట్టుకొస్తోంది, గరిక కూడా మడిలోకి పాకేస్తోంది. ఏం పెడితే బాగుంటుంది?

రిప్లై: సరిగా కాలని ఇటుక మాత్రం వద్దండి, మేం పెడితే తడికి రెండేళ్లలో పొడిపొడిగా రాలిపోయింది. బాగా కాలినవైతే ఏటవాలుగా సగం పాతండి, చూడ్డానికీ బాగుంటుంది.

రిప్లై: తాండూరు బండ ముక్కలు చూడండి, ఫ్లోరింగ్ చేసేచోట మిగిలినవి అడిగితే చవగ్గా ఇస్తారు. అడుగు ఎత్తు ముక్కని ఆరంగుళాలు లోపలికి దించి నిలబెడితే గరిక చాలావరకు ఆగుతుంది. సిమెంట్ వేస్తే మాత్రం నీళ్లు పోడానికి అక్కడక్కడా సందులు వదలండి, మేం వదల్లేదు, మడిలో నీళ్లు నిలిచి వేర్లు కుళ్లి గులాబీలన్నీ పోయాయి, ఇప్పటికీ బాధే.

రిప్లై: థాంక్సండి, పక్క వీధిలో ఇల్లు కడుతున్నారు, రేపే వెళ్లి ముక్కలు అడుగుతా.