రూజ్‌వెల్ట్ ‘క్వారంటైన్’: దిగ్బంధమా, వెలివేతా?

ప్రశ్న: ఒక చరిత్ర వ్యాసం తెలుగు చేస్తున్నాను. 1937 అక్టోబరు 5న షికాగోలో వంతెన ప్రారంభిస్తూ అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ చేసిన ప్రసంగాన్ని ‘క్వారంటైన్ ప్రసంగం’ అంటారు. అంటువ్యాధి ప్రబలితే ఊరంతా ఒప్పుకుని రోగులను విడిగా ఉంచుతుంది, లోకంలో పాకుతున్న అరాచకమూ అలాంటిదే అన్నది అందులోని సారం. నేను ‘దిగ్బంధం’ అని రాస్తే సంపాదకులు ‘వెలివేత’ అని దిద్దారు. ఏది సరి?

జవాబు: నా మటుకు రెండూ వద్దండి. దిగ్బంధం అనగానే ఓడలు, ఫిరంగులు కళ్ల ముందుకొస్తాయి. రూజ్‌వెల్ట్ అంత దూరం వెళ్లలేదు. మర్నాడు విలేఖరులు గుచ్చి గుచ్చి అడిగితే, ‘ఆంక్షలు’ అన్నదే భయంకరమైన మాట అని తోసిపుచ్చారు. ప్రసంగంలో ఏ దేశాన్నీ పేరుపెట్టి అనలేదు. జులై నుంచి జపాన్ చైనా మీద పడి ఉంది. ఇటలీ అప్పటికే ఇథియోపియాను మింగేసింది. స్పెయిన్ మీద జర్మన్, ఇటాలియన్ విమానాలు బాంబులు కురిపిస్తున్నాయి. ఇక పేర్లు చెప్పాలా?

ఇంటి దగ్గర పరిస్థితి చూడండి. 1935 నుంచి వరసగా తటస్థతా చట్టాలు చేసుకున్న దేశం అది. ప్రసంగం తర్వాత రెండు నెలలకు జపాన్ విమానాలు చైనాలో అమెరికా నౌక పనాయ్‌ను ముంచేశాయి. అయినా, ప్రజాభిప్రాయ సేకరణ జరపనిదే యుద్ధం ప్రకటించకూడదన్న లడ్లో రాజ్యాంగ సవరణను చర్చకు తేవాలని 1938 జనవరిలో ప్రతినిధుల సభలో 188 మంది ఓటేశారు. వద్దన్నవారు 209 మంది. ఆ గాలికి ఎదురు నిలిచిన మనిషి ఎటైనా అర్థం చెప్పుకోగల మాటే వెతుక్కుంటాడు. దాన్ని మనం దిగ్బంధం చేస్తే, ఆయన చెప్పకుండా దాటవేసింది మనం చెప్పేసినట్టే.

మరొకరు: వెలివేత ఎందుకు కాదు? రోగులన్నాడే గానీ ఆయన దృష్టిలో వాళ్లు దోషులే కదా!

జవాబు: దోషులేనండి. కానీ ఆ సంగతి రోగం మాటున దాచారు. వెలిలో శిక్ష, అవమానం పైకే కనిపిస్తాయి. క్వారంటైన్ అనేసరికి పక్కింటివాళ్ల క్షేమమే ముందుకొస్తుంది. విదేశాంగ శాఖ చిత్తుప్రతిలో ఈ పోలిక లేదు, రూజ్‌వెల్ట్ తానే చేర్చారు. విదేశాంగ మంత్రి కార్డెల్ హల్‌కు అది రుచించలేదు.

ఇంకొకరు: దిగ్బంధం విషయంలో మీకు మరో సాక్ష్యం ఉంది. 1962లో సోవియట్ క్షిపణుల సంక్షోభంలో అమెరికా అధ్యక్షుడు కెనడీ క్యూబా చుట్టూ నిజంగానే నౌకలు మోహరించారు. అప్పుడూ పేరు క్వారంటైనే! అంతర్జాతీయ న్యాయం ప్రకారం దిగ్బంధం యుద్ధ చర్య అవుతుందన్నది భయం.

ప్రశ్న వేసినవారు: బాగుంది. మరి ఒట్టి ఐసొలేషన్‌తో, తటస్థతతో తప్పించుకోలేమని అదే ప్రసంగంలో ఉందే! కరోనా తర్వాత మన పాఠకులకు ఐసొలేషన్, క్వారంటైన్ రెండూ ఒకటే. ఒకటి వద్దని మరొకటి కావాలన్నాడేమిటి అనుకోరా?

జవాబు: అనుకుంటారు. అందుకే అక్కడ ఐసొలేషన్ అని ఉంచకండి. ‘ఒంటరిగా ముడుచుకు కూర్చుంటే’ అనండి, సిద్ధాంతం పేరు కావలసిన చోట ‘ఏకాకివాదం’ వాడండి. ‘తటస్థవాదం’ మాత్రం వద్దు, అలీన ఉద్యమం గుర్తొచ్చి పాఠకుడు నెహ్రూ దగ్గరికి వెళ్లిపోతాడు. క్వారంటైన్‌ను క్వారంటైన్‌గానే వదిలేయండి. ఇప్పుడది తెలియని తెలుగు ఇల్లు లేదు.