క్లిప్స్‌లో రెండు రూల్స్ ఒకే క్లాజుకి రెండు అంకెలు ఇస్తున్నాయి, కఠినమైనదాన్నే తీసుకునేలా ఎలా చేయాలి?

కాంక్రీట్ స్పెసిఫికేషన్లు రాసే మా ఇంజనీర్లకి సాయంగా క్లిప్స్ 6.4లో (రూల్స్ రాసి నడిపించే ప్రోగ్రామింగ్ భాష) చిన్న ఎక్స్‌పర్ట్ సిస్టమ్ తయారుచేస్తున్నాను. సైట్ వివరాలు ఇస్తే ఐఎస్ 456:2000 (కాంక్రీట్‌కి భారతీయ ప్రమాణం) ప్రకారం క్లాజులు రాసిపెట్టాలి.

ఇబ్బంది ఎక్కడంటే, పునాదికి ఎక్స్‌పోజర్ (చుట్టూ ఉన్న పరిస్థితుల తీవ్రత) 'వెరీ సివియర్' అని ఇస్తే 5వ పట్టిక రూల్ ఎం35 గ్రేడు (కాంక్రీట్ బలం స్థాయి), ఘనమీటరుకు కనీసం 340 కిలోల సిమెంట్ అంటుంది. అదే నేలలో సల్ఫేట్ 3వ తరగతి ఉండి, పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజ్జొలానా) సిమెంట్ వాడుతుంటే 4వ పట్టిక రూల్ 350 కిలోలు అడుగుతుంది. రెండు రూల్సూ ఫైరై (అమలై), ఒకే డాక్యుమెంట్లో 340 ఒకచోట, 350 ఇంకోచోట వచ్చేస్తున్నాయి. ఇది టెండర్లో వెళ్తే కాంట్రాక్టర్ తక్కువ అంకె పట్టుకుంటాడు, నా టెన్షన్ అదే.

సేలియెన్స్ (ఏ రూల్ ముందు నడవాలో చెప్పే ప్రాధాన్యం) మార్చి చూశాను, వరుస మారిందే తప్ప రెండో రూల్ ఆగలేదు. ఆగినా లాభం లేదు, గ్రేడు ఒక పట్టిక నుంచి, సిమెంట్ ఇంకో పట్టిక నుంచి రావాలి కదా. తర్వాత రెండు రూల్స్ చేతా ఒకే ఫ్యాక్ట్‌ని (సిస్టమ్ దాచుకునే సమాచారపు ముక్క) మాడిఫై చేయించాను. మాడిఫై అంటే పాతది తీసి కొత్తది పెట్టడమే కాబట్టి రూల్స్ మళ్లీ మళ్లీ ఫైరై లూపులో పడ్డాయి. కొత్త విలువ ఎక్కువైతేనే మార్చమని టెస్ట్ పెడితే లూపు ఆగింది గానీ, ఆ అంకె ఏ పట్టిక వల్ల వచ్చిందో చెరిగిపోతోంది. డ్రాఫ్ట్ చెక్ చేసే సీనియర్ మొదట అడిగేది అదే.

ప్రతి అంకెనీ దాని కారణంతో సహా విడి ఫ్యాక్ట్‌గా ఉంచి, చివర్లో ఒక్కో అంశానికి కఠినమైన విలువ మాత్రమే క్లాజులోకి వెళ్లాలంటే రూల్స్‌ని ఎలా విడగొట్టాలి?