అప్‌డేట్: అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ ఫిజిక్స్ 1 ట్రైనింగ్‌కి వెళ్లొచ్చాను

టెక్సస్‌లో మా హైస్కూల్‌కి ఈ కోర్సు (హైస్కూల్‌లోనే చెప్పే కాలేజీ స్థాయి ఫిజిక్స్) నేనే చెప్పాలి, దాన్ని నడిపే కాలేజ్ బోర్డ్ సంస్థ వేసవి శిక్షణ తప్పనిసరా అని అడిగాను కదా. వెళ్లమన్న వాళ్లందరికీ థాంక్స్.

తప్పనిసరి కాదు. మన సిలబస్ కోర్స్ ఆడిట్‌లో (కాలేజ్ బోర్డ్ చేసే సిలబస్ పరిశీలన) ఆమోదం పొందితే చాలు. అయినా 30 గంటల పైచిలుకు ట్రైనింగ్ వృథా కాలేదు. ఫీజు స్కూలే కట్టింది (అడగండి, చాలాచోట్ల ఇస్తారు).

అసలు లాభం పేపర్లు దిద్దడంలో. ఉదాహరణకి, పరీక్షలో ఇలాంటి ప్రశ్న వస్తుంది: కప్పీకి రెండు వైపులా బరువులు వేలాడుతుంటాయి. కప్పీ ఇంకా బరువైనదైతే త్వరణం పెరుగుతుందా, తగ్గుతుందా? విద్యార్థి ముందు సమీకరణం లేకుండా మాటల్లో వాదించాలి. తర్వాత సూత్రం రాబట్టాలి. చివరికి రెండూ పొసిగాయో లేదో చెప్పాలి. సూత్రంలో విలువలు వేసి జవాబు తేల్చే మన ఇంటర్ పద్ధతిలో చదివినవాళ్లకి ఇది కొత్తే. జవాబు సరైనదైనా కారణం రాయకపోతే మార్కులు పోతాయి.

పాత నోట్స్ వాడేవాళ్లు చూసుకోండి: 2024-25 నుంచి ద్రవాల పాఠం ఫిజిక్స్ 2 నుంచి ఫిజిక్స్ 1కి వచ్చింది. క్లాసు సమయంలో 25 శాతం ల్యాబ్‌కే పోవాలి కాబట్టి, ఇప్పుడు నా టెన్షన్ అంతా సామాన్ల గురించే.