గూడబాతు: ఇందులో ఉన్న గూడ ఏది?

మొన్న కొల్లేటి దగ్గర పక్షులుండే ఆటపాక వెళ్ళొచ్చిన ఒకరు ఇక్కడ గూడబాతుల (అంటే పెలికాన్ల) మంచి ఫోటో పెట్టి కింద "గూడుబాతులు" అని రాశారు. గూళ్ళు కట్టుకుంటాయి కాబట్టే ఆ పేరని ఇద్దరు ముగ్గురు వంత పాడారు కూడా. అక్కడే జవాబు రాద్దామనుకున్నాను గానీ చెప్పాల్సింది కాస్త ఎక్కువే ఉంది, అందుకని విడిగా పెడుతున్నా.

అలా ఎందుకు అనిపిస్తుందో నాకు తెలుసు. చలికాలంలో కైకలూరు పక్కన ఆ కొల్లేటి గట్టు మీద నిలబడితే ముందు కంటికి ఆనేవి గూళ్ళే. నీళ్ళ మధ్య పాతిన ఇనుప స్టాండ్ల మీద పుల్లలు పేర్చుకుని వరసగా కూర్చుని ఉంటాయి పెలికాన్లు, ఎదిగిన పిల్లలైతే తల్లి గొంతుసంచిలోకి తలంతా దూర్చేసి మరీ తింటుంటాయి. కానీ గూడు కట్టుకునే పక్షి ఇదొక్కటేనా? అక్కడే వాటి పక్కనే ఎర్రకాళ్ళ కొంగలు కూడా గూళ్ళు పెడతాయి, వాటికి మాత్రం ఆ పేరు రాలేదు కదా.

మాట వైపు నుంచి చూసినా కుదరదు. గూడు ఇంకో మాటతో కలిస్తే గూటి అవుతుంది, గూటిపక్షిలో లాగా. లేదంటే గూడుబండి, గూడుపడవల్లో లాగా ఉన్నదున్నట్టు నిలుస్తుంది. చివర అకారం రావడానికి దారే లేదు. పైగా ఈ పక్షికి గూడకొంగ అని ఇంకో పేరుంది. నీళ్ళ మీద ఈదుతుంది కాబట్టి ఒకళ్ళకి బాతులా తోచింది, పొడుగు ముక్కుతో చేపలు పడుతుంది కాబట్టి ఇంకొకళ్ళకి కొంగలా తోచింది. నిజానికి ఇది బాతుల జాతిదీ కాదు, కొంగల జాతిదీ కాదు. బాతు, కొంగ అని వెనక మాట మారినా ముందున్న గూడ మాత్రం కదల్లేదు చూడండి, అసలు గుర్తు అదేనన్నమాట.

గూడ అంటే నీళ్ళు తోడే బుట్ట. మోటార్లు లేని రోజుల్లో బోదెలో నీళ్ళు కిందుండి చేను పైనుంటే ఇదే దిక్కు. బుట్టకి నాలుగు తాళ్ళు కట్టి, చెరో పక్క ఒక మనిషి నిలబడి, చెరి రెండు తాళ్ళూ పట్టుకుని వెనక్కి ఊపి నీళ్ళలో ముంచి, ఒక్క ఊపున లేపి చేలోకి ఒంపేవాళ్ళు. మొదట్లో వెదురు బుట్టలు, తర్వాత రేకు గూడలు. చేతులు పడిపోయే పని అది. దాన్నే "గూడ వేయడం" అంటారు. మడుగులో నీళ్ళు గూడేసి తోడేసి అడుగున మిగిలిన చేపలు పట్టడం కూడా ఉండేది.

ఈ బుట్టకీ ఆ పక్షికీ ఉన్న పోలిక నాకు పుస్తకంలో దొరకలేదు, మా పెదనాన్న చెప్పాడు. చెప్పాడు అనడం కూడా సరికాదేమో. రెండేళ్ళ కింద ఆయన్ని తీసుకుని ఆటపాక వెళ్ళాం, సంక్రాంతి దాటి వారమైందేమో, పొద్దున్నే, మంచు ఇంకా విడలేదు. గట్టుకి దగ్గర్లో ఒక పక్షి ఒంటరిగా ఈదుతోంది. ఉన్నట్టుండి మెడ చాచి ముక్కు నీళ్ళలో ముంచింది. కింది ముక్కుకు వేలాడే తోలుసంచి అంతా ఉబ్బిపోయింది. వెంటనే మింగలేదు. ముక్కు మూసి, రొమ్ముకి ఆనించి కిందికి వంచి పట్టుకుంది, నీళ్ళన్నీ పక్కల నుంచి ధారగా కారిపోయాయి, అప్పుడు తల పైకెత్తి గుటుక్కున మింగింది. పెదనాన్న నా భుజం తట్టి "అదుగోరా, గూడేసింది చూశావా" అన్నాడు. ఆయన పేరుకి వివరణ ఇవ్వాలని అనలేదు, ముప్పై ఏళ్ళు గూడ వేసిన మనిషి కాబట్టి కళ్ళ ముందు జరుగుతున్నదానికి ఆయన నోట వచ్చే మాటే అది. నాకు మాత్రం ఆ పేరు అప్పుడే తెలిసినట్టయింది.

ఇంకో సంగతి. వీటిని చాలా ఊళ్ళలో సైబీరియా పక్షులంటారు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో అయితే మరీను. సూదితోక బాతుల్లాంటివి చలికాలంలో నిజంగానే ఆ ఉత్తరపు దేశాల నుంచి వస్తాయి గానీ, మన గూడబాతు దక్షిణ, ఆగ్నేయ ఆసియా పక్షి. నీళ్ళూ చేపలూ ఉన్న చోటు వెతుక్కుంటూ ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి మారుతుంది, వానలయ్యాక ఆటపాకలోనో, సూళ్ళూరుపేట దగ్గర నేలపట్టులోనో పిల్లల్ని పెడుతుంది. శాస్త్రం పేరుదీ ఇలాంటి కథే, 1789లో ఫిలిప్పీన్స్ పేరు కలిపి ఫిలిప్పెన్సిస్ అన్నారు, ఇప్పుడు అక్కడ ఈ పక్షి ఒక్కటీ లేదు. ఊరి పేరు పెట్టిన చోటల్లా ఏదో ఒక చిక్కు వచ్చింది. చేసే పనిని చూసి పెట్టిన గూడ మాత్రం ఇవాళ్టికీ సరిపోతోంది.

చేర్పు: "గూడ జారింది" అంటాం కదా, ఆ భుజం గూడ ఎందుకు కాకూడదని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న, అదీ తెలుగు మాటే, రాసే తీరూ ఒకటే. కానీ ఈ పక్షిని దూరం నుంచి చూసిన పిల్లవాడు కూడా ముందు చెప్పేది దాని ముక్కు సంచి గురించే, రెక్క మొదలు గురించి ఎవరూ చెప్పరు. తెడ్డులాంటి ముక్కున్నదాన్ని తెడ్డుమూతి కొంగ అన్నవాళ్ళం, గూడలాంటి ముక్కున్నదాన్ని గూడబాతు అనకుండా ఎలా ఉంటాం?

ఫోటో పెట్టినవారికి: చాలా బాగా తీశారండీ, ముక్కు మీద చుక్కలు కూడా కనిపిస్తున్నాయి. కింద పేరులో డకారానికి ఉన్న ఆ ఒక్క కొమ్మూ తీసేయండి, చాలు.